పాదాలు దాచకమ్మా

చిరంజీవి శ్రావణికి,

నువ్వు పంపిన స్కెచ్‌బుక్ తీరిగ్గా తిరగేశాను. ముఖాలు బాగా కుదిరాయి. చేతులూ ఫరవాలేదు. పాదాల దగ్గరికొచ్చేసరికి ఒకరిని గడ్డిలో నిలబెట్టావు, ఇంకొకరిని కుచ్చిళ్లతో కప్పేశావు, ఒక్కరిని తప్ప మిగతావాళ్లని మోకాళ్ల దగ్గరే ఆపేశావు. ఈ కిటుకు చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

మన అమరావతి శిల్పాలు చూడు. తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదాల జత, వీటితోనే ఆయన ఉన్నాడని చెప్పేవారు. అరికాళ్ల మధ్య ధర్మచక్రం చెక్కిన అమరావతి ఫలకం ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఉత్త అరికాళ్లతో అంతటి మనిషిని చూపించడం మాటలా?

రోమ్‌లోనైతే అరికాళ్లు రచ్చకెక్కాయి. శాంట్ అగొస్టీనో చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో వేసిన మడోన్నా (మేరీమాత) చిత్రం ఉంది, 1604-06 నాటిది. మోకరిల్లిన యాత్రికుడి మట్టికాళ్లు సరిగ్గా మన కళ్లెదుటే ఉంటాయి. జనం గోలగోల చేశారని ఆ కాలపు చిత్రకారుడు బాల్యోనే రాశాడు. (కాళ్లు ఎవరివైపూ చాపొద్దంటూనే, పెద్దల కాళ్లకు దండం పెట్టించే మనకి ఆ గొడవ కొత్తేం కాదులే.) నన్నడిగితే ఆ బొమ్మకు ప్రాణం ఆ పాదాలే. ఎంత దూరం నడిచొచ్చాడో మడమలే చెబుతాయి.

సాధన కోసం గీసుకున్న స్టడీలే కదా అని చింపేయకు. ఫ్రాంక్‌ఫర్ట్ వర్తకుడు హెల్లర్ వేయించుకున్న చిత్రం కోసం చిత్రకారుడు డ్యూరర్ 1508లో మోకరిల్లిన అపొస్తలుడి అరికాళ్లను విడిగా గీసుకున్నాడు. డ్యూరర్ చేత్తో వేసిన ఆ చిత్రం 1729లో మ్యూనిక్‌లో కాలిపోయింది. అరికాళ్ల స్టడీ మిగిలింది.

ధైర్యం చేసి పాదాలు గీసిన ఆ ఒక్క బొమ్మలో చీలమండకు రెండువైపులా ఉండే ఎముకల్ని ఒకే ఎత్తున పెట్టావు. అందుకే అవి కర్రకాళ్లలా ఉన్నాయి. లోపలి ఎముక ఎప్పుడూ బయటిదానికంటే కాస్త పైన ఉంటుంది. ముందు పాదం మొత్తం ఆకారం పట్టుకో, వేళ్ల సంగతి తర్వాత.

మోడల్ దొరకలేదనకు. చిత్రకారుడు మెంజెల్ 1876లో తన పాదాన్నే రంగుల్లో వేసుకున్నాడు. నీకైతే అమ్మమ్మ ఉంది. మధ్యాహ్నం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు గియ్యి. మడమ పగుళ్లు, పసుపు మరక, మెట్టె ఒరుసుకుని వేలికి పడ్డ నొక్కు, ఏదీ వదలొద్దు. పండక్కి వచ్చేటప్పుడు ఆ పేజీలే పట్టుకురా. ముఖాలు ఈసారికి వద్దు.

మీ మామయ్య