పేతురు నేర్చుకొనిన పాఠము

పఠింపవలసిన భాగములు: అపొ. కార్యములు 10:1-48, గలతీయులకు 2:11-14



అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయమును మనము సాధారణముగా కొర్నేలీ రక్షణ చరిత్రగా చదువుదుము. అయితే ఆ అధ్యాయములో మారుటకు ఎక్కువ ఆలస్యము చేసినవారెవరు? కొర్నేలీకి దేవదూత ఒక్కసారి చెప్పగానే అతడు మనుష్యులను పంపెను. పేతురునకైతే దర్శనము ముమ్మారు కలిగెను; ఆ మీదట సందేహింపక వెళ్లుమని ఆత్మయు చెప్పవలసి వచ్చెను. అన్యుని హృదయముకంటె అపొస్తలుని హృదయమే గట్టిదిగా నుండెను.

1. ఒక గోడ దాటినను మరియొకటి మిగులును

అప్పుడు పేతురు యొప్పేలో, సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట దిగియుండెను. తోళ్ల పని చేయువారిని యూదులు హీనముగా చూచెడివారు. అట్టి యింట బసచేసిన పేతురు తనలో పక్షపాతము లేదని తలంచియుండవచ్చును. అయినను దర్శనములో దుప్పటివంటి పాత్ర దిగివచ్చినప్పుడు, నిషిద్ధమైనది తానెన్నడును తినలేదని ప్రభువుతోనే వాదించెను. మనమును ఇట్టివారమే. ఒకరిని చేర్చుకొంటిమి గనుక అందరిని చేర్చుకొనియున్నామని అనుకొందుము.

2. మన సంఘ చరిత్రలోని సాక్ష్యము

తాళ్లకొండపాడువాడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయువాడు. అతడు 1866లో బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండి పని ప్రారంభించిరి. పేరయ్య మూలముగా మాదిగపల్లెలవారు అనేకులు ప్రభువునొద్దకు రాసాగిరి. వీరిని చేర్చుకొనినయెడల తాము రామని అగ్రవర్ణములవారు చెప్పిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములోని భాగమే కనబడెను. లోకము బలహీనులని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. వారు పల్లెవారిని చేర్చుకొనిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ చరిత్రను మనము సంతోషముతో చెప్పుకొందుము. అయితే త్రోసివేయబడినవారి సంతతివారమైన మనలో అనేకులము నేడు మరియొకరిని త్రోసివేయుట లేదా?

3. పాఠము మరల నేర్చుకొనవలెను

కైసరయలో పేతురు దేవుడు పక్షపాతి కాడని ఒప్పుకొనెను. అట్లయినను తరువాత అంతియొకయలో, యెరూషలేమునుండి కొందరు రాగానే, వారికి భయపడి అన్యజనుల బల్లనుండి వెనుదీసెను. బర్నబా సహితము అతనితో కూడ తప్పిపోయెను. పౌలు అందరియెదుట అతనిని గద్దింపవలసి వచ్చెను. దురభిప్రాయము ఒక్క దర్శనముతో చచ్చునది కాదు. మనవారు చూచుచున్నారను భయము కలుగగానే అది మరల లేచును.

4. మన హృదయములను శోధించుకొందము

ఆరాధనకు క్రొత్త కుటుంబము వచ్చినప్పుడు మనము ఏమి అడుగుదుము? "మీదే ఊరండి? మీరెవరి తాలూకు?" అందుము. ఊరి పేరుతో ఆగక, పేట పేరు తెలియువరకు విడువము. అది కుశలప్రశ్న కాదు. వారిని ఎంత దగ్గరకు రానీయవచ్చునో కొలుచుకొను కొలబద్ద. మేమును ఆ ప్రశ్న అడిగినవారమే. జవాబు విని స్వరము మార్చుకొనినవారమే. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పుచ్చుకొని, పెండ్లి మాట వచ్చినప్పుడు పాత లెక్కలు తీసినవారమే. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. కాని దాచినయెడల బాగుపడము.

ఎదుటివారి లోపములను ఓర్చుకొనుటయే సహనమని మనము అనుకొందుము. పేతురు నేర్చుకొనినది వేరు. లోపము కొర్నేలీ యింటిలో లేదు, తన కన్నులలో నుండెను. అది ఒప్పుకొనిన తరువాతనే అతడు ఆ గడప దాటగలిగెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరి యింట మనము ఇంతవరకు భోజనము చేయలేదు? కారణమేమి?
2. ఎవరు చూచుదురని భయపడి మనము వెనుదీయుచున్నాము?
3. ఈ నెలలో మనము దాటవలసిన గడప ఎవరిది?

ప్రార్థన: ప్రభువా, పేతురును విడువక ముమ్మారు నేర్పినట్లు మాకును నేర్పుము. నీవు చేర్చుకొనినవారిని మేము దూరముంచకుండునట్లు మా కన్నులు తెరువుము. ఆమేన్.