అంకె లేని నాణెం విలువ తేల్చడమెట్లా?

మన రూపాయి మీద అంకె ఉంటుంది గనుక అది ఎంతదని ఎవర్నీ అడగనక్కరలేదు. కాని పాత ఐరోపా నాణాలు చాలావాటి మీద విలువ రాసి ఉండదు. అప్పుడు లోహం, ముద్ర, పరిమాణం ఈ మూడింటినీ కలిపి చూడాలి. ఒక ఉదాహరణతో చెబుతాను.

మా నాయనమ్మ పెట్టెలో నల్లబడిన నాణెం ఒకటి ఉంది. "లోపలంతా బంగారమేరా, చెల్లెలి పెళ్ళికి పనికొస్తుంది" అని ఎన్నేళ్ళుగానో దాచింది. చింతపండుతో తోమితే తేలిపోతుందంది మా అమ్మ. నేను వద్దన్నాను. పులుపుకి పైపొర కరిగి, అరిగిన గుర్తులు కూడా పోతాయి. మంచినీళ్ళతో కడిగి మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

మొదటిది లోహం. ఆర్కిమిడీస్ సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. కాలేజీ త్రాసులో నాణెం గాలిలో 3.12 గ్రాములు, నీళ్ళలో 2.77 గ్రాములు తూగింది. తగ్గిన 0.35తో 3.12ను భాగిస్తే సాపేక్ష సాంద్రత 8.9. బంగారానిది 19.3, వెండిది 10.5, రాగిది 8.96. అయితే ఒక జాగ్రత్త. ఇంత చిన్న నాణానికి నీటిలో తూకం 0.01 గ్రాము తప్పితే జవాబు 0.25 దాకా మారుతుంది. కనుక బంగారం, వెండి కావని చెప్పొచ్చు గాని, ఇత్తడి కాదని ఈ లెక్క ఒక్కటే చెప్పలేదు. అంచున కనబడిన ఎర్రరంగుతో రాగి అని నిశ్చయించాను.

రెండవది ముద్ర. ఒకవైపు పెద్ద 'వి' అక్షరం, దాని రెండు చేతుల మీద 'ఓ', 'సి' ఉన్నాయి. ఇది 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు. కింద 1789 అని ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే. అది సంవత్సరం, విలువ కాదు. రెండోవైపు అలల్లోంచి లేస్తున్న సింహం జీలండ్ రాష్ట్ర చిహ్నం. హాలండ్‌దైతే సింహం కింద అలలుండవు. ఈ చిహ్నం ఏ రాష్ట్రపు నాణెమో చెబుతుంది, ఎంతదో చెప్పదు.

మూడవది పరిమాణం. ఇదే తరహా ముద్రతో డాయిట్, అర డాయిట్ రెండూ వచ్చాయి. డాయిట్ సుమారు 3 గ్రాములు, 21 మి.మీ. వ్యాసం. అర డాయిట్ బరువు అందులో సగం, వ్యాసం 17 మి.మీ. మాది 21 మి.మీ. ఉంది, కాబట్టి ఒక డాయిట్. 8 డాయిట్లు ఒక స్టైవర్, 20 స్టైవర్లు ఒక గిల్డర్. అంటే ఇది గిల్డర్లో 160వ వంతు!

డాయిట్లను ముఖ్యంగా జావా మొదలైన తూర్పు దీవుల కోసం కొట్టారు. డచ్చివారు 1605 నుంచే మచిలీపట్నంలో వర్తకం చేశారు గనుక, అలాంటి చిల్లర మన తీరానికి చేరడం వింత కాదు.

ఫలితం నాయనమ్మకి చెప్పడమే కష్టమైంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే, దీన్ని నమ్ముకుని అప్పు చెయ్యకముందే తెలిసింది" అని నాణాన్ని మళ్ళీ అదే గుడ్డలో మూట కట్టింది.