లేబుల్‌లోనే ఉంది చెక్‌సమ్

"రెండు సోలార్ ప్యానెళ్లు అగ్గువకే ఇస్తున్నడు, ఒక్కోటి 500 వాట్లంట" అని డాడీ ఎండాకాలంలో ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అమీర్‌పేటలో మా టెర్రస్ మీద పెట్టి కరెంటు బిల్లు తగ్గించాలని ఆయన ప్లాన్. రెండు వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ కాదు. కానీ ఆ ఫొటోలో ప్యానెల్ వెనకాల లేబుల్ కనిపిస్తోంది. అది చదవడానికి స్కూల్ లెక్కలు చాలు.

మొదటి పరీక్ష గుణకారం. ప్రతి లేబుల్ మీద గరిష్ఠ పవర్, ఆ పవర్ దగ్గర వోల్టేజ్, కరెంట్ రాసి ఉంటాయి. వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే పవర్ రావాలి. మన భాషలో చెప్పాలంటే, లేబుల్ తన చెక్‌సమ్‌ని తానే మోస్తోంది. ఫొటోలో 37.5 వోల్టులు, 8.9 ఆంపియర్లు. గుణిస్తే సుమారు 334 వాట్లు. పైన మాత్రం 500! ఎవరో వాట్ల అంకె మార్చి, మిగతా రెండూ మార్చడం మర్చిపోయారు.

రెండో పరీక్ష టేపు. ప్యానెల్ వాట్లని చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలుస్తారు. షాపుకి వెళ్లి కొలిస్తే 1.96 మీటర్లు, 0.99 మీటర్లు. అంటే 1.94 చదరపు మీటర్లు. దాని మీద పడే వెలుగు 1940 వాట్లు. అందులోంచి 500 రావాలంటే దాదాపు 26 శాతం సామర్థ్యం ఉండాలి. ఇప్పుడు ఇళ్లకి అమ్మే మంచి ప్యానెళ్లే 20 నుంచి 23 శాతం. పాత నీలం రంగు పాలీ ప్యానెళ్లు 17 దగ్గర ఆగుతాయి. 17 వేసి చూడండి, 330. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి.

షాపతను మల్టీమీటర్ పెట్టి "వోల్టేజ్ కరెక్టుగా వస్తోంది కదా సార్" అన్నాడు. వస్తుంది. లోడ్ లేనప్పుడు వోల్టేజ్ ముఖ్యంగా వరసలో ఎన్ని సెల్స్ ఉన్నాయనే దాన్ని బట్టి ఉంటుంది. వెలుగు తక్కువున్నా పెద్దగా పడిపోదు. కరెంట్ కూడా కొలిస్తేనే పవర్ తెలుస్తుంది. ఆ పని డీసీ క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

వాట్ల అబద్ధంతో పోయేది డబ్బు. వైరింగ్‌లో కక్కుర్తితో ఇల్లే కాలొచ్చు. ఏసీ కరెంట్ సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి స్పార్క్ తొందరగా ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేదు, స్పార్క్ అలాగే మండుతూ ఉంటుంది. పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని ఆఫ్ చేయలేం. అందుకే ఇవి చూసుకోండి:

- గ్లాసు పగులు, వెనక షీటు మీద చీలికలు, కాలిన మచ్చలు ఉంటే వద్దు.
- ఎంసీబీ, ఐసొలేటర్ డీసీకి తయారైనవే ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పనికిరాదు.
- కనెక్టర్ జత రెండూ ఒకే కంపెనీవి ఉండాలి. కరెంట్ పారుతుండగా ఊడదీయకూడదు.
- ఫ్రేముకీ, స్టాండుకీ ఎర్తింగ్ తప్పనిసరి.
- బీఐఎస్ గుర్తు చూడండి. నాణ్యతకి ఐఎస్ 14286, భద్రతకి ఐఎస్/ఐఈసీ 61730.

మన ఏరియాలో ఇంకో తలనొప్పి నీడ. పక్క హాస్టల్ వాటర్ ట్యాంకు నీడ కొన్ని సెల్స్ మీద పడినా, అవి సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ప్యానెల్‌లో పెద్ద భాగమే పడిపోవచ్చు. కొనేముందు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం టెర్రస్ ఫొటోలు తీయండి.

చివరికి ధర. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ ఉంది. కానీ సెల్స్ కూడా మన దేశంలోనే తయారైన కొత్త ప్యానెళ్లు కావాలి. లేబుల్ మార్చిన పాతదానికి రూపాయి రాదు. ఈ లెక్క కూడా వేస్తే అగ్గువ అనుకున్నది అగ్గువ కాదు.

డాడీ కొనలేదు. అడ్వాన్స్ తిరిగి రాలేదు. బయటికొచ్చేటప్పుడు షాపతను "అందరూ వాట్లే అడుగుతరు సార్, ఎవరూ గుణించరు" అన్నాడు. మనం గుణిద్దాం.