కడ్డీ ఎవరు లేపాలి? బూమ్ బ్యారియర్లు, ఇంటర్‌కామ్‌లపై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది మియాపూర్ వైపు 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. గేటు దగ్గర బూమ్ బ్యారియర్ పెట్టించాలని జనరల్ బాడీలో తీర్మానించాం. ఒక వెండరు బ్యారియర్‌తో పాటు కొత్త వీడియో ఇంటర్‌కామ్ కూడా తీసుకోవాల్సిందే అంటున్నాడు. ఇంకొకాయన 'మీ పాత ఇంటర్‌కామ్‌కే తగిలించేస్తా, ఫ్లాట్‌లో అంకె నొక్కితే కింద కడ్డీ లేస్తుంది' అంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటారు?
– అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: రెండో ఆయన చెప్పేది జరగని పనేం కాదు. కానీ మీ ఎక్స్ఛేంజి పెట్టె మూత తీసి చూడకుండానే ఆ మాట అన్నాడంటే అనుమానించాల్సిందే.

బ్యారియర్ డబ్బాలో ఒక కంట్రోల్ బోర్డు ఉంటుంది. దాని మీద 'ఓపెన్' టెర్మినల్‌ని 'కామన్' టెర్మినల్‌తో ఒక్క క్షణం కలిపితే కడ్డీ లేస్తుంది. గార్డు దగ్గరున్న బటన్ చేసేది ఇదే. ఇంటర్‌కామ్ చేయాల్సిందీ ఇంతే: ఫ్లాట్‌లో ఎవరో అంకె నొక్కగానే దాని రిలే ఆ రెండు తీగల్నీ కలపాలి. మీ పాత ఎక్స్ఛేంజి పెట్టెకి (ఈపీఏబీఎక్స్‌కి) డోర్‌ఫోన్ కార్డు, దాని మీద రిలే ఉంటే పని జరుగుతుంది. లేకపోతే కార్డో, వేరే పరికరమో కొనాలి. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఏదో ఒక ఫ్లాట్ నుంచి అంకె నొక్కి, ఆ రిలే 'టక్'మనడం వినిపించమనండి.

అసలు మెలిక వేరే చోట ఉంది. డోర్‌ఫోన్లు తలుపు తాళం తీయడం కోసం పుట్టినవి. తాళానికి మామూలుగా 12 వోల్టుల కరెంటు కొన్ని సెకన్ల పాటు అందాలి. బ్యారియర్ బోర్డు అడిగేది కరెంటు కాదు, ఉత్త కాంటాక్టు, అంటే డ్రై కాంటాక్ట్. అదీ ఒక్క సెకను చాలు. తాళం కోసం వచ్చిన తీగల్ని తెచ్చి నేరుగా బోర్డుకి బిగిస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే 'డ్రై కాంటాక్ట్ ఇస్తున్నారా?' అని అడగండి. ఆ మాట తెలియని మనిషి చేతికి పని ఇవ్వకండి.

ఇంకోటి. కొన్ని బోర్డుల్లో ఒకే టెర్మినల్ మీద లేవడం, ఆగడం, దిగడం వంతులవారీగా నడుస్తాయి. నాలుగో అంతస్తులో పెద్దాయన 'లేచిందో లేదో' అని రెండోసారి నొక్కారనుకోండి, కింద కారు సగం లోపలికి వచ్చేసరికి కడ్డీ మధ్యలో ఆగుతుంది, ఇంకోసారి నొక్కితే దిగుతుంది. కాబట్టి ఇంటర్‌కామ్ తీగ 'ఓపెన్'కి తప్ప ఇంకెక్కడికీ వెళ్లకూడదు. దించే పని ఫ్లాట్లవాళ్లకి వద్దు.

ఇంతా చెప్పి నా సలహా ఏమిటంటే, మీ గేటు దగ్గర 24 గంటలూ గార్డు ఉంటే ఈ కలపడమే అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో 'పంపించు' అంటారు, బండిని కళ్లారా చూస్తున్న గార్డు బటన్ నొక్కుతాడు. పొయ్యి మీద పోపు మాడుతున్న హడావిడిలో అంకె నొక్కినవాళ్లకి, చుట్టాల కారు వెనకాలే ఇంకో కారు ఆనుకుని వస్తోందని ఎలా తెలుస్తుంది? గార్డు లేని వెనక గేటు ఉంటే, అక్కడ మాత్రం కెమెరా ఉన్న ప్యానెల్ పెట్టి నేరుగా కలపండి. అప్పుడు కూడా రిలే బయట ప్యానెల్లో కాకుండా లోపలి గదిలో ఉండాలి. బయటే ఉంటే, స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ ఊడదీసి రెండు తీగలు కలిపినవాడికి దారి తెరుచుకుంటుంది.

మొదటి వెండరు చెప్పిన వీడియో ఇంటర్‌కామ్ చెడ్డదేం కాదు, తొందరేమీ లేదంతే. ఆ డబ్బులో కొంత రోడ్డు కోసి లూప్ వేయించడానికి పెట్టండి. దాని సంగతి కింది జవాబులో ఉంది. అన్నట్టు, బ్యారియర్ వచ్చింది కదా అని పాత ఇనప గేటు పీకించేయకండి. బ్యారియర్ ఆపేది బండ్లని. మనిషి వంగితే కడ్డీ కింద నుంచి వెళ్లిపోతాడు.

ప్రశ్న: మా కాలనీ గేటు దగ్గర బ్యారియర్ కడ్డీ స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయి భుజం మీద పడింది. దేవుడి దయ వల్ల పెద్ద దెబ్బ తగల్లేదు. 'టైమర్ పెంచాం, ఇక ఫర్వాలేదు' అంటున్నారు బిగించినవాళ్లు. నిజంగా ఫర్వాలేదా అండీ?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: లేదమ్మా, ఇంకా భయపడాల్సిందే. టైమర్ సెకన్లు లెక్కపెడుతుంది తప్ప కడ్డీ కింద ఎవరున్నారో చూడదు. ఐదు సెకన్లు పదిహేను చేస్తే, పదహారో సెకనులో వచ్చినవాళ్ల మీద పడుతుంది.

కావలసినవి రెండు. మొదటిది లూప్. కడ్డీ కింద రోడ్డుని దీర్ఘచతురస్రంగా సన్నగా కోసి, ఆ గాడిలో ఒకే తీగని మూడు నాలుగు చుట్లు వేసి, పైన సీలెంటు పోస్తారు. దాని మీదికి బండి వస్తే లోహం వల్ల తీగ ఇండక్టెన్స్ మారుతుంది. డిటెక్టర్ అది పసిగట్టి, బండి దాటేదాకా కడ్డీని దిగనివ్వదు. కార్లకి ఇది బాగా పనిచేస్తుంది. స్కూటీల దగ్గరే చిక్కు. వాటిలో లోహం తక్కువ, పైగా పెద్ద లూప్ నట్టనడుమ నుంచి వెళ్తే డిటెక్టర్‌కి అందకపోవచ్చు. గాడి అంచు మీదుగా వెళ్తే బాగా అందుతుంది. మన కాలనీల్లో కార్ల కంటే టూవీలర్లే ఎక్కువ కదా, అందుకే లూప్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

రెండోది ఫొటోసెల్. దారికి ఇటో స్తంభం, అటో స్తంభం, మధ్యలో కంటికి కనపడని కిరణం. అది తెగితే కడ్డీ దిగదు, దిగుతున్నది తిరిగి పైకి లేస్తుంది. రెండూ పెట్టించి, కడ్డీ అడుగున రబ్బరు పట్టీ వేయించండి. చోటుంటే టూవీలర్లకీ, నడిచేవాళ్లకీ పక్కన వేరే దారి ఇవ్వండి. నన్నడిగితే అన్నిటికంటే మంచిది ఇదే.

లూప్ కోసేటప్పుడు ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడండి. మ్యాన్‌హోల్ ఇనప మూతకీ, కాంక్రీటులోని ఇనప చువ్వలకీ దూరంగా కోయాలి. లూప్ నుంచి డబ్బాకి వెళ్లే తీగల జంటని జడలా మెలిపెట్టాలి. ఈ మెలిక వేయడానికి బద్ధకించిన చోట, బండి లేకుండానే ఉన్నట్టు డిటెక్టర్ పొరబడుతుంది, కడ్డీ గంటలకొద్దీ లేచే ఉంటుంది.

ప్రశ్న: గేటు దగ్గరి రీడరు కోసం కార్ల అద్దాలకి వేరే స్టిక్కర్లు ఎందుకు, అందరికీ ఫాస్టాగ్ ఉంది కదా అని మా కమిటీలో ఒకరి వాదన. అలా వాడితే డబ్బులు కట్ అవుతాయని ఇంకొకరి భయం. ఇంకో బాధ, గేటు పక్కన ఆపిన కారుని రీడరు చదివేసి కడ్డీ దానంతటదే లేస్తోంది.
– కమిటీ సభ్యుడు, కూకట్‌పల్లి

జవాబు: ఫాస్టాగ్ కూడా యూహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగే. మన దేశంలో ఇవి 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో నడుస్తాయి. తగిన రీడరు ఉంటే దాని నంబరు చదివి మీ జాబితాలో చేర్చుకోవచ్చు. నంబరు చదివినంత మాత్రాన డబ్బు కట్ కాదు. అందుకు ఆ గేటు టోల్ ప్లాజాలా బ్యాంకుల చెల్లింపు వ్యవస్థకి కలిసి ఉండాలి. అయినా కారు అమ్మినా, ట్యాగ్ మార్చినా జాబితా దిద్దుకునే ఓపిక మీ ఆఫీసులో ఉందా అన్నది చూసుకోండి.

కడ్డీ ఊరికే లేవడానికి మందు సులువే. గేటు ముందు ఇంకో లూప్ వేయించి, దాని మీద బండి ఉన్నప్పుడే రీడరు చెప్పిన మాట చెల్లేలా పెట్టించండి. రీడరు పవరు కాస్త తగ్గించినా కొంత నయం.

ప్రశ్న: నిజామాబాద్‌లో మాది ఇండిపెండెంట్ ఇల్లు. నేను, మా వారు ఇద్దరమే ఉంటాం. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. గేటుకి మోటారు, వీడియో ఇంటర్‌కామ్ పెట్టించి, 'ఎవరొచ్చినా నేనే ఫోన్‌లో చూసి గేటు తీస్తానమ్మా' అంటున్నాడు. మంచిదేనా?
– రిటైర్డ్ టీచరు

జవాబు: బాబుది మంచి ఆలోచనే అమ్మా, కాకపోతే టైము కుదరదు. మీ దగ్గర పాలవాడు వచ్చే వేళకి అక్కడ ముందురోజు సాయంత్రం. మీ మధ్యాహ్నం కొరియర్ వస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. గంట మోగగానే మొదట మీ ఇంట్లోని తెర మీద, మీ ఫోన్‌లో రావాలి. మీరు తీయకపోతేనే అబ్బాయికి వెళ్లాలి.

గేటు మూసుకుందో లేదో చెప్పే సెన్సరు కూడా పెట్టించమనండి. అది లేకపోతే అక్కడ 'మూయి' అని నొక్కి అబ్బాయి నిశ్చింతగా పడుకుంటాడు, ఇక్కడ రాయి అడ్డుపడి గేటు సగంలో ఆగి ఉంటుంది. మోటారుకీ, ఇంటర్‌కామ్‌కీ, ఇంటర్నెట్ రూటర్‌కీ మూడింటికీ ఇన్వర్టర్ లైను ఇప్పించండి. రూటర్‌ని మరిచిపోతారు, కరెంటు పోగానే డాలస్ తెగిపోతుంది.

మీకు బూమ్ బ్యారియర్ అమ్మజూపితే మాత్రం వద్దనండి. ఇంటికి గేటే చాలు.

ప్రశ్న: రాత్రి 108 అంబులెన్స్ వస్తే మా గార్డు ఫ్లాట్‌కి ఫోన్ చేసి, వాళ్లు ఎత్తేదాకా కడ్డీ లేపలేదు. 'రూలు సార్' అన్నాడు. ఇప్పుడు ఏం చేయాలి?
– విశాఖపట్నం

జవాబు: ఆ గార్డుని తిట్టకండి, రూలు రాసింది మీరే. ఈరోజే కాగితం మీద కొత్త రూలు రాసి గార్డు గదిలో అంటించండి: అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు బండి వస్తే ముందు కడ్డీ లేపాలి, ఫోన్లు తర్వాత. ఫైర్ అలారం ప్యానెల్ ఉన్న బిల్డింగైతే దాని రిలే కూడా బ్యారియర్ 'ఓపెన్'కి కలిపించండి, అలారం మోగగానే కడ్డీ దానంతటదే లేచి అలాగే ఉంటుంది.

కరెంటు లేనప్పుడు కడ్డీని చేత్తో లేపడానికి డబ్బాలో తాళంచెవితో తిప్పే రిలీజు ఉంటుంది. మీది సముద్రపు గాలి, తాళం తుప్పు పట్టి తాళంచెవి తిరక్కపోవచ్చు. నెలకోసారి గార్డులందరి చేతా, రాత్రి డ్యూటీ వాళ్లతో సహా, దాన్ని తిప్పించి కడ్డీ చేత్తో లేపించండి. తాళంచెవి ఒకటి గార్డు గదిలో మేకుకి వేలాడాలి, సెక్రటరీ గారి బీరువాలో కాదు.