చారిత్రక నవలలో పాత్ర పోషణ – ‘గోన గన్నారెడ్డి’

శాసనం రాజు పేరు చెబుతుంది. ఆయన దానమిచ్చిన భూమి ఎల్లలు చెబుతుంది. దానమిచ్చిన నాడు ఆ రాజు మనసులో ఏ వేదన ఉన్నదో చెప్పదు. ఆ మౌనంలోనే చారిత్రక నవలాకారునికి చోటు దొరుకుతుంది. ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న ఏన్కూరు విద్యార్థికి కాకతీయులు పరాయివారు కారు. వారి కాలపు గణపేశ్వరాలయం అదే జిల్లాలోని కూసుమంచిలో నేటికీ నిలిచి ఉంది. అయితే ఆ శిలలను చూసినంత మాత్రాన ఆనాటి మనుషులు కళ్ళ ముందు కదలరు. వారిని కదిలించే పని నవలది.

ఆ పనికి పూనుకున్నవారిలో అడివి బాపిరాజు (1895–1952) ముఖ్యుడు. ఆయన చిత్రకారుడు, కవి, కథకుడు. 1940ల దశకంలో వెలువడిన ఆయన నవల ‘గోన గన్నారెడ్డి’ కాకతి రుద్రమదేవి పాలనాకాలాన్ని ఇతివృత్తంగా గ్రహించింది. ఈ నవలలోని పాత్ర పోషణ పాఠకునికి ఆనందాన్నీ అసంతృప్తినీ ఒకేసారి కలిగిస్తుంది.

గన్నారెడ్డి మొదట గజదొంగగా కనిపిస్తాడు. పెండ్లిపందిరి నుండి వరుణ్ణే ఎత్తుకుపోయే సాహసి అతడు. చదువరి గుండె వేగం పెరుగుతుంది. ఈ దొంగ ఎవరు, ఎందుకు ఇలా అయినాడు అన్న ప్రశ్నలే కథను ముందుకు నడుపుతాయి. క్రమంగా ఆ దొంగతనం సామ్రాజ్య రక్షణ కోసం ధరించిన ముసుగు అని తెలుస్తుంది. ఇక్కడే చిక్కు. మారినది గన్నారెడ్డి కాదు, అతనిని గురించి పాఠకునికి ఉన్న అభిప్రాయం మాత్రమే. అతడు మొదటి పుట నుండే ధీరుడు, నిస్వార్థుడు. తప్పు చేసి పశ్చాత్తాపపడే అవకాశం రచయిత అతనికి ఇవ్వలేదు. రహస్యం విడిపోవడం పాత్ర వికాసం అనిపించుకోదు. కథానాయకుని పేరే నవలకు పెట్టినందువల్ల ఈ లోటు మరింత స్ఫుటంగా తోస్తుంది.

అయితే రచయితను పూర్తిగా తప్పు పట్టడం న్యాయం కాదు. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో గన్నారెడ్డి పేరు ఉన్నది. అతని అధీనంలోని విఠలుడు ఆ కోటను కట్టించినాడని చరిత్ర చెబుతుంది. అక్కడ కనిపించేది బలవంతుడైన సామంతుడే గాని గజదొంగ కాదు. ఇంత కొద్దిపాటి ఆధారం నుండి ఉరకలు వేసే యువకుణ్ణి సృష్టించడం సామాన్యమైన పని కాదు.

నిజమైన మార్పు రుద్రమదేవి పాత్రలో ఉన్నది. తండ్రి గణపతిదేవుడు ఆమెను కుమారునిగా పెంచినాడు. శాసనాలు సైతం ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొన్నాయి. ఆ పురుష వేషం వెనుక ఉన్న యువతి చాళుక్య వీరభద్రునిపై అనురాగం పెంచుకొన్నప్పుడు సింహాసనానికీ హృదయానికీ మధ్య పెనుగులాట మొదలవుతుంది. ఆజ్ఞాపించడానికే అలవాటుపడిన కంఠం తడబడుతుంది. నవలలో ఇంతకంటె సజీవమైన ఘట్టాలు తక్కువ. అయినా ఒక సందేహం మిగులుతుంది. కోటలను, సామంతుల తిరుగుబాట్లను ఎదుర్కొన్న పాలకురాలి ఆంతర్యం ప్రధానంగా ప్రేమ ద్వారానే వెల్లడి కావలెనా? పన్నుల గురించి, చెరువుల గురించి ఆమె పడిన ఆలోచన కూడా అంతే లోతుగా చిత్రింపదగినది కాదా?

ఇదే రాణి కథను నోరి నరసింహశాస్త్రి కూడా ‘రుద్రమదేవి’ పేరుతో నవలగా రచించినారు. రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివినవారికి, ఒకే చారిత్రక వ్యక్తి ఇద్దరు రచయితల చేతిలో ఎంత భిన్నంగా రూపొందగలదో తెలుస్తుంది.

బాపిరాజు రాసిన తరువాత వెలుగు చూసిన ఆధారం ఒకటి ఉన్నది. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందినట్లు తెలుపుతుంది. ఆమె వృద్ధాప్యంలో కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో మరణించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తారు. బాపిరాజు కుంచెకు అందినది యువతి రుద్రమ. ముసలితనంలో కత్తి పట్టి గుర్రమెక్కిన ఆ రుద్రమ మనసులో ఏమున్నదో చందుపట్ల శాసనం కూడా చెప్పదు.