సిక్కు మతావిర్భావం – 'గురు' శబ్దార్థ పరిణామం

'సిక్కు' అనే పంజాబీ పదానికి మూలం సంస్కృత 'శిష్య' శబ్దం. శిష్యత్వం గురుసాపేక్షం. కనుక ఈ మతస్వరూపాన్ని గ్రహించడానికి అందులో 'గురు' శబ్దం పొందిన అర్థపరిణామాన్ని పరిశీలించడం అవసరం. సిక్కు మతాన్ని హిందూ, ఇస్లాం మతాల సమ్మేళనంగా నిర్వచించడం పరిపాటి అయింది. ఆ నిర్వచనం ఎంతవరకు నిలుస్తుందో ఈ పరిణామమే నిరూపిస్తుంది.

మతప్రవర్తకుడైన గురునానక్ 1469లో తల్వండిలో జన్మించాడు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో నన్‌కానా సాహిబ్‌గా ప్రసిద్ధం. నిర్గుణుడైన ఏకేశ్వరుని నామస్మరణను, స్వకష్టార్జితాన్ని, దానిని పదిమందితో పంచుకోవడాన్ని ఆయన బోధించాడు. జీవిత చరమభాగంలో రావీ నదీతీరాన కర్తార్‌పూర్‌లో స్థిరపడ్డాడు. 1539లో నిర్యాణానికి ముందు తన కుమారులను కాదని, శిష్యుడైన లహణాకు 'అంగద్' అని పేరిడి గురుపీఠమిచ్చాడు. నాల్గవ గురువు రామదాసు మొదలు పీఠం ఒకే వంశంలో నిలిచినా, ఆదిగ్రంథంలోని గురువుల పదాలన్నింటికీ 'నానక్' అన్నదే నామముద్ర. ఏ రచన ఏ గురువుదో 'మహలా' సంఖ్య తెలుపుతుంది. దేహాలు వేరైనా గురుజ్యోతి ఒక్కటే అన్న భావం ఇందులో స్పష్టం.

ఐదవ గురువు అర్జున్ 1604లో ఆదిగ్రంథాన్ని సంకలనం చేశాడు. లేఖకుడు భాయీ గురుదాస్. గ్రంథంలో అధికభాగం రాగానుసారంగా కూర్చబడింది. నామదేవుడు, కబీరు, రవిదాసు, షేక్ ఫరీదుల రచనలు అందులో చేరాయి. అయితే కబీరు, ఫరీదుల ద్విపదుల నడుమ అక్కడక్కడ గురువుల పద్యాలు కనిపిస్తాయి. అవి పూర్వరచన భావాన్ని సమర్థిస్తాయి, లేదా సవరిస్తాయి. తమదైన సిద్ధాంతం లేనివారు ఇట్టి సవరణకు పూనుకొనరు. కనుక ఇది కేవల సమ్మేళనం కాదు, విమర్శపూర్వక పరిగ్రహణం.

1606లో అర్జున్ లాహోరులో మొగలుల నిర్బంధంలో అసువులు బాశాడు. తొమ్మిదవ గురువు తేగ్‌బహదూర్ 1675లో ఢిల్లీలో శిరచ్ఛేదానికి గురి అయ్యాడు. గురువు దేహం వధ్యమే అయినా గురుత్వం అవధ్యమన్న విశ్వాసం ఈ బలిదానాలతో దృఢపడింది. పదవ గురువు గోవింద్‌సింగ్ 1699లో ఆనందపూర్‌లో ఖాల్సాను స్థాపించాడు. 1708లో గోదావరీ తీరాన నాందేడ్‌లో, తన అనంతరం గ్రంథమే గురువని ఆయన ప్రకటించినట్లు సిక్కు సంప్రదాయం చెబుతుంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఆ పట్టణం తెలుగువారికి చిరపరిచితం.

వ్యక్తి నుండి జ్యోతికి, జ్యోతి నుండి గ్రంథానికి సాగిన ఈ పరిణామం ఆకస్మికం కాదు. శబ్దమే గురువన్న భావన నానక్ 'సిద్ధగోష్ఠి'లోనే బీజరూపంలో ఉంది. శబ్దప్రామాణ్యాన్ని చర్చించే మన పాఠశాలలలో ఆదిగ్రంథం కూడా పఠనీయం కావడం సముచితం.