ఇంటి పన్ను – ఊరి బడి

మన బ్యాంకు కుటుంబాల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఇప్పుడు చాలామందే. రిటైరయ్యాక ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ గడిపి వచ్చేవాళ్లమూ తక్కువేమీ కాదు. పిల్లలు అక్కడ ఇల్లు కొనే దశకు వచ్చినప్పుడు ఫోన్లో మనకు రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ బాగుంది నాన్నా". రెండు, "ట్యాక్స్ మాత్రం ఎక్కువ". నిజానికి ఈ రెండూ ఒకే విషయానికి రెండు ముఖాలు. అక్కడ ఊరి బడి బతికేది చాలావరకు ఊరివాళ్లు కట్టే ఇంటి పన్ను మీదే.

గత ఏడాది నాలుగు నెలలు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అమ్మాయి, అల్లుడు అప్పుడే ఇల్లు చూస్తున్నారు. సర్వీసులో సగం కాలం రుణాల విభాగంలో గడిపినవాణ్ని కాబట్టి కాగితాలన్నీ నా ముందు పెట్టారు. ఆ కాగితాలు చదివి, ఆ ఊరి స్కూల్ బోర్డు సమావేశాలకు రెండుసార్లు వెళ్లి తెలుసుకున్న సంగతులను మన కుటుంబాలకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

బిల్లులో ఏముంది?

న్యూజెర్సీలో ఇంటి పన్ను ఏడాదికి నాలుగు వాయిదాల్లో కట్టాలి. గడువు తేదీలు ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1, నవంబరు 1. అమెరికాలో ఇంటి పన్ను అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఇది ఒకటి. 2024లో అక్కడ ఒక్కో ఇంటికి సగటు పన్ను 10 వేల డాలర్లు దాటింది. అంటే నెలకు 800 డాలర్లకు పైమాటే.

బిల్లును ఖాతాలవారీగా విడదీసి ఇస్తారు. కౌంటీకి ఎంత, మునిసిపాలిటీకి ఎంత, స్కూళ్లకు ఎంత అన్నది వేర్వేరు వరుసల్లో కనిపిస్తుంది. రాష్ట్రం మొత్తం మీద చూస్తే సగానికి కాస్త ఎక్కువ స్కూళ్లకే పోతుంది. గ్రంథాలయానికి కూడా విడిగా ఒక వరుస ఉంటుంది. అది చూడగానే మన ఇంటి పన్నులో కలిసి ఉండే గ్రంథాలయ సెస్సు గుర్తొచ్చింది. రూపాయి పన్నుకు 8 పైసలు చొప్పున మనమూ కడుతున్నాం. అయితే మన బిల్లులో బడికంటూ అలాంటి పెద్ద వాటా ఉండదు. వాళ్ల బిల్లులో బడిదే సింహభాగం.

రేటు ఎలా తేలుతుంది?

ఇంటి విలువ పెరిగితే పన్నూ అంతే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడి పద్ధతి అది కాదు. ముందు ఖర్చు తేలుస్తారు, తర్వాత దాన్ని ఇళ్ల మీద పంచుతారు.

సులువుగా అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఊరికి ఇంటి పన్ను ద్వారా 10 కోట్ల డాలర్లు కావాలి. ఊళ్లోని ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు అన్నిటి అసెస్‌మెంట్ విలువ కలిపితే 500 కోట్ల డాలర్లు. అంటే ప్రతి 100 డాలర్ల విలువకు 2 డాలర్ల పన్ను. 5 లక్షల డాలర్ల ఇంటికి 10 వేలు కట్టాలి. రేపు రీవాల్యుయేషన్ జరిగి ఊళ్లో అన్ని ఆస్తుల విలువా రెండింతలైతే రేటు 2 నుంచి 1కి దిగుతుంది. ఆ ఇంటి యజమాని కట్టేది అప్పుడూ అదే 10 వేలు. ఊరి సగటు కన్నా తన ఇంటి విలువ ఎక్కువ పెరిగితేనే ఆయన వాటా పెరుగుతుంది. ఊళ్లో ఒక పెద్ద మాల్ మూతపడి దాని విలువ పడిపోతే మాత్రం ఆ భారం మిగతా అందరి మీదా పడుతుంది.

అందుకే అక్కడ కొత్త దుకాణ సముదాయం వచ్చినా, పాత ఫ్యాక్టరీ స్థలంలో వందల అపార్ట్‌మెంట్లు కడతామన్నా ఊరంతా లెక్కలు వేస్తుంది. దుకాణమైతే పన్ను కడుతుంది, బడికి పిల్లల్ని పంపదు. అపార్ట్‌మెంట్లయితే పిల్లలు వస్తారు. పైగా కొత్త నిర్మాణాలకు మునిసిపాలిటీ కొన్నిసార్లు దీర్ఘకాలిక మినహాయింపు ఇచ్చి, మామూలు పన్నుకు బదులు ఏటా ఒక ఒప్పందపు మొత్తం తీసుకుంటుంది. అందులో 95 శాతం మునిసిపాలిటీకి, 5 శాతం కౌంటీకి పోతాయి. స్కూళ్లకు వాటా ఇచ్చి తీరాలన్న నియమం లేదు. నేను వెళ్లిన సమావేశంలో ఎక్కువ వేడి పుట్టించిన అంశం ఇదే.

రోడ్డుకు అటూ ఇటూ రెండు ఇళ్లు

మా వాళ్లు చివరికి రెండు ఇళ్ల దగ్గర ఆగారు. మధ్యలో ఒక రోడ్డు. రోడ్డుకు అటువైపు ఒక టౌన్‌షిప్, ఇటువైపు మరొకటి. గదులు, స్థలం దాదాపు సమానమే. అటువైపు ఇల్లు 7 లక్షల 50 వేల డాలర్లు, పన్ను ఏడాదికి 13,500. ఇటువైపు ఇల్లు 6 లక్షల 40 వేలు, పన్ను 12,800. ధరలో లక్షా 10 వేలు తేడా ఉంటే పన్నులో తేడా 700 మాత్రమే.

రుణాల కాగితాలు చూసిన కన్ను అక్కడే ఆగింది. అటువైపు ధరతో పోలిస్తే పన్ను 1.8 శాతం, ఇటువైపు 2 శాతం. ఆస్తుల విలువ ఎక్కువగా ఉన్న ఊరు తక్కువ రేటుతోనే బడికి ఎక్కువ డబ్బు పోగుచేస్తుంది. ఆస్తులు తక్కువ ఉన్న ఊరు ఎక్కువ రేటు వేసినా అంత రాదు. బడికి మంచి పేరు రాగానే ఇళ్ల ధర పెరుగుతుంది, ధర పెరగడంతో బడికి మళ్లీ బలం చేకూరుతుంది. రోడ్డుకు ఇటువైపు పుట్టిన పిల్లవాడు ఈ చక్రంలో ఎక్కడ ఉంటాడన్నది వాడి చేతిలో లేదు.

కోర్టులు ఏమన్నాయి?

ఈ ప్రశ్న అక్కడ యాభై ఏళ్లుగా కోర్టుల్లో నలుగుతోంది. 1973లో శాన్ ఆంటోనియో వర్సెస్ రోడ్రిగ్జ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. ఇంటి పన్ను మీద ఆధారపడిన టెక్సాస్ పద్ధతి దేశ రాజ్యాంగానికి విరుద్ధం కాదని, విద్య ఆ రాజ్యాంగం కింద ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1993లో, మన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో భారత సుప్రీంకోర్టు 14 ఏళ్ల లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలోకే వచ్చింది.

అయితే న్యూజెర్సీకి సొంత రాష్ట్ర రాజ్యాంగం ఉంది. పిల్లలకు సమగ్రమైన, సమర్థమైన ఉచిత విద్య అందించాలని 1875లోనే అందులో రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని 1973లో రాబిన్సన్ వర్సెస్ కాహిల్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇంటి పన్ను మీద ఇంతగా ఆధారపడడం చెల్లదంది. ప్రభుత్వం డబ్బు సమకూర్చకపోవడంతో 1976 జూలైలో స్కూళ్ల ఖర్చునే కోర్టు ఆపించింది. ఎనిమిది రోజులకు రాష్ట్రంలో ఆదాయపు పన్ను వచ్చింది.

తర్వాత 1981లో పేద పట్టణాల పిల్లల తరఫున అబ్బాట్ వర్సెస్ బర్క్ కేసు పడింది. 1990 తీర్పులో 28 పేద పట్టణ డిస్ట్రిక్టుల పిల్లల మీద సంపన్న శివార్లతో సమానంగా ఖర్చు పెట్టాలని కోర్టు ఆదేశించింది. 2008లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి ఊరి ఆస్తుల విలువ, ప్రజల ఆదాయం చూసి ఆ ఊరు ఎంత భరించగలదో లెక్కకడతారు. మిగతాది రాష్ట్ర సహాయం. పేద పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు అదనపు వెయిటేజీ ఇస్తారు. చక్రం ఆగలేదు గానీ దాని వేగానికి కొంత కళ్లెం పడింది.

సమావేశంలో విన్న రెండు గొంతులు

2010లో అక్కడ మరో చట్టం వచ్చింది. స్కూళ్ల కోసం వసూలు చేసే పన్ను మొత్తాన్ని, కొన్ని మినహాయింపులు పోను, ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. జీతాలు, ఆరోగ్య బీమా, బస్సులు, ప్రత్యేక అవసరాల పిల్లల విద్య వంటి ఖర్చులు మాత్రం ఆ 2 శాతం దగ్గర ఆగవు. రాష్ట్ర సహాయం కూడా తగ్గిన ఏడాది టీచర్ల పోస్టుల మీదకు వస్తుంది.

నేను వెళ్లిన రోజు చర్చ దాని మీదే. ఒక పెద్దాయన లేచారు. ఆయన ఇంటి అప్పు తీరి పదేళ్లయింది. అయినా సొంత ఇంట్లో ఉండడానికి నెలకు వెయ్యి డాలర్లు పన్ను కడుతున్నారు. "నా పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి. నా పెన్షన్ 2 శాతం పెరగలేదు" అన్నారు. తర్వాత ఒక తల్లి మాట్లాడారు. ఆమె కొడుకు తరగతిలో పిల్లలు ఇప్పటికే ఎక్కువ, ఇంకో సెక్షన్ తీసేస్తే ఎలా అని అడిగారు. ఇద్దరూ చెప్పింది నిజమే. పెద్దవాళ్ల కోసం పన్ను పెరుగుదలను రాష్ట్రమే తిరిగి చెల్లించే 'సీనియర్ ఫ్రీజ్' వంటి పథకాలున్నాయి. అవి ఆదాయ పరిమితులకు లోబడినవి.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లోనూ ఇదే పెనుగులాట జరిగింది. అక్కడ స్కూళ్లు కిక్కిరిసి ఉన్నాయి. 2019 డిసెంబరులో భవనాల విస్తరణ కోసం సుమారు 19 కోట్ల డాలర్ల బాండ్ల ప్రతిపాదన పెడితే ఓటర్లు తిరస్కరించారు. తరగతి గది కావాలా, పన్ను తగ్గాలా అన్నది అక్కడ ఓటుతో తేలుతుంది.

ఇందులో మన పిల్లలకు సంబంధించిన చిక్కు ఒకటుంది. వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవారు పన్ను పూర్తిగా కడతారు, కానీ ఆ ఎన్నికల్లో ఓటు లేదు. అయితే స్కూల్ బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడడానికి సమయం ఇచ్చి తీరాలి. నేను చూసిన రెండు సమావేశాల్లోనూ మనవాళ్లు వెనుక వరుసల్లో కూర్చున్నారు. మైకు దగ్గరికి వెళ్లింది ఒక్కరే.

ఇల్లు కొనేముందు చూడవలసినవి

మా అమ్మాయికి రాసిచ్చిన జాబితా ఇది. మీ పిల్లలకూ పనికొస్తుంది.

1. వడ్డీ స్థిరంగా ఉన్నంత మాత్రాన నెలవారీ చెల్లింపు స్థిరం కాదు. పన్ను, బీమా సాధారణంగా ఎస్క్రో ఖాతా ద్వారా బ్యాంకే కడుతుంది. పన్ను పెరిగితే నెలసరి చెల్లింపూ పెరుగుతుంది.

2. 30 ఏళ్ల తర్వాత అప్పు తీరుతుంది. పన్ను తీరదు. రిటైర్మెంటు లెక్కలో దాన్ని ఇప్పుడే కలపాలి.

3. గత ఐదేళ్ల పన్ను బిల్లులు, స్కూల్ బడ్జెట్ చూడాలి. రాష్ట్ర సహాయం పెరుగుతోందో తగ్గుతోందో గమనించాలి.

4. రీవాల్యుయేషన్ ఎప్పుడు జరిగిందో అడగాలి. విలువ తప్పుగా కట్టారనిపిస్తే అప్పీలు చేయవచ్చు. చాలా కౌంటీల్లో గడువు ఏప్రిల్ 1.

5. ఇంటి చిరునామా ఏ బడి పరిధిలోకి వస్తుందో స్కూల్ డిస్ట్రిక్టునే అడగాలి. అమ్మేవాళ్ల మాట సరిపోదు.

అన్నీ చూసుకుని మా వాళ్లు రోడ్డుకు ఇటువైపు ఇల్లే తీసుకున్నారు. మిగిలిన లక్షా 10 వేల మీద వడ్డీ భారం తగ్గింది. ఆ బడిలో టీచర్లను కలిసి మాట్లాడాక, పేరు చూసి భయపడవలసినది ఏమీ లేదని అమ్మాయికి నమ్మకం కుదిరింది.

మన బడి సంగతి

ఊరివాళ్ల పన్నుతో బడి నడవడం మనకు బొత్తిగా కొత్త కాదు. 1850లలో గోదావరి ప్రాంతంలో సబ్ కలెక్టరుగా పనిచేసిన టేలర్ కాలంలో రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టేవారు. వాటిని రేట్ స్కూళ్లు అనేవారు. ఈ రోజు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అన్న పేరులో స్థానిక సంస్థ ఉన్నా, టీచర్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. దీనివల్ల ఒక మేలుంది. పక్కింటి ధరను బట్టి మన పిల్లవాడి టీచరు జీతం మారదు. ఒక లోటూ ఉంది. మన జేబులోంచి నేరుగా పోవడం లేదు కాబట్టి బడి లెక్క ఎవరూ అడగరు.

అడిగే దారి మాత్రం చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల వాడకాన్ని గమనించడం ఆ కమిటీ పని. కమిటీలో ఉండేవారిలో చాలామంది రోజు కూలి మానుకుని రావలసినవాళ్లు. ప్రణాళిక రాయడం, వోచర్లు సరిచూడడం వాళ్లకు అలవాటు లేని పని. మనకు అది ముప్పై ఏళ్ల అలవాటు.

తిరిగి వచ్చాక మా కాలనీ పక్కనున్న జిల్లా పరిషత్ బడికి వెళ్లాను. హెడ్మాస్టరు గారు కూర్చోబెట్టి గత ఏడాది ప్రణాళిక చూపించారు. మరుగుదొడ్లకు నీటి మోటారు, రెండు గదుల పైకప్పు మరమ్మతు అందులో ఉన్నాయి. అంచనాలు సరిగ్గా జతచేయనందువల్ల కాగితం ముందుకు కదల్లేదట. ఆ సాయంత్రం ఆయనా నేనూ కూర్చుని అంచనాలు తిరగరాశాం. వచ్చే శనివారం కమిటీ సమావేశం ఉంది. తల్లులకు వీలుగా సాయంత్రం 6 గంటలకు పెట్టమని అడిగాను, సరేనన్నారు.